క్యాజువాలిటీ సిస్టర్లకి గృహహింస కేసుల మీద ట్రైనింగ్ ఇప్పించండి సార్

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, నమస్కారం.

సార్, నేను విశాఖపట్నంలో స్టాఫ్ నర్సుని. ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషి పోలీస్ స్టేషన్‌కి వెళ్లకపోవచ్చు, పుట్టింట్లో కూడా చెప్పకపోవచ్చు, కానీ చెయ్యి విరిగితే హాస్పిటల్‌కి రాక తప్పదు కదా, వచ్చాక దగ్గరుండి కట్టు కట్టేది మేమే. "ఏటైందమ్మా" అంటే "బాత్రూంలో జారిపడ్డాను" అంటుంది, పక్కన మొగుడో అత్తో నించునే ఉంటారు, ఇంకేం చెప్తుంది? జారిపడితే మోకాలికో మణికట్టుకో తగులుతుంది గానీ వీపు మీద, మెడ మీద, అడ్డం పెట్టుకున్న మోచేతుల మీద పాతవీ కొత్తవీ కలిపి కమిలిన మచ్చలు ఎలా వస్తాయి సార్. మాకు కనిపిస్తూనే ఉంటుంది. కనిపించాక ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. కొందరు "సర్దుకుపో అమ్మా, పిల్లలున్నారు" అని పంపించేస్తారు, అది వాళ్ల చెడ్డతనం కాదు, వాళ్లమ్మ వాళ్లకి చెప్పిన మాటే అది.

గృహహింస చట్టం 2005లో వచ్చింది. 2006 రూల్స్‌లో హాస్పిటల్ పని ఏంటో స్పష్టంగా రాసుంది: డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్ట్ (ఇంట్లో జరిగిన హింస వివరాలు రాసే ఫారం) లేదని వైద్యం ఆపకూడదు, అప్పటికి అది రాసి లేకపోతే హాస్పిటల్ ఇన్‌ఛార్జే ఆ ఫారం నింపి, బాధితురాలికి సాయం చెయ్యడానికి చట్టం కింద పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి పంపాలి, మెడికల్ రిపోర్ట్ కాపీ ఆమెకి ఫ్రీగా ఇవ్వాలి. ఆ ఫారం ఎలా ఉంటుందో వార్డుల్లో ఎంతమంది సిస్టర్లు చూశారో మీరే ఒకసారి అడిగించండి.

ముంబైలో బాంద్రా భాభా హాస్పిటల్‌లో గృహహింస బాధితుల కోసం దిలాసా అని సెంటర్ 2000 దశకం మొదట్లోనే పెట్టారు, హాస్పిటల్ స్టాఫ్‌కే ట్రైనింగ్ ఇచ్చి నడిపారు. అంటే గవర్నమెంట్ హాస్పిటల్లో ఇది అయ్యే పనే. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెప్పింది, అనుమానం వస్తే ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి, ముందు వినాలి, తప్పు నీది కాదని చెప్పాలి, ఇంటికి వెళ్తే ప్రాణానికి ప్రమాదమా అని కనుక్కోవాలి. వినడానికి చిన్న పనుల్లాగే ఉన్నాయి గానీ మొగుడి ముందు అడిగామంటే ఆ రాత్రి ఆమెకి ఇంకో నాలుగు దెబ్బలు పడతాయి, అందుకే ఇది నేర్చుకుని చెయ్యాల్సిన పని.

మాకు కావాల్సింది గోడ మీద పోస్టర్ కాదు సార్. విశాఖలోని పెద్ద గవర్నమెంట్ హాస్పిటల్ కేజీహెచ్‌కి శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు నుంచి కూడా వస్తారు, అక్కడ మొదలుపెట్టి గాజువాక, భీమిలి వైపు చిన్న హాస్పిటళ్ల దాకా ట్రైనింగ్ పెట్టండి. డ్యూటీ టైంలోనే పెట్టండి, నైట్ చేసి వచ్చిన మనిషిని పొద్దున్నే క్లాసులో కూర్చోబెడితే నిద్రపోతుంది. పక్కవాళ్లకి వినపడకుండా మాట్లాడటానికి తలుపున్న ఒక చిన్న గది ఇవ్వండి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబర్, హింసకు గురైన ఆడవాళ్లకి ఆసరా ఇచ్చే సఖి సెంటర్ ఫోన్, ఆ జిల్లా ప్రొటెక్షన్ ఆఫీసర్ ఫోన్ ప్రతి క్యాజువాలిటీ టేబుల్ మీద ఉండాలి, అర్ధరాత్రి చేసినా ఎత్తే మనిషి ఉండాలి. ఇంకోటి, నిజం రాసినందుకు బంధువులు వచ్చి సిస్టర్ మీద అరిస్తే పైవాళ్లు మా వెనక నిలబడతారని రాతపూర్వకంగా ఒక సర్క్యులర్ ఇవ్వండి, అది లేకుండా ఎన్ని క్లాసులు చెప్పినా ఎవరూ పెన్ను తియ్యరు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక స్టాఫ్ నర్సు