కామెంటరీలు ముందు అరల్లోకి, ప్రతి పుస్తకానికీ తేదీ చీటీ

కోఠిలోని మా లా బుక్ షాపుకి వచ్చే అడ్వకేట్లకి, లా విద్యార్థులకి, సొంత కేసు గురించి చదువుకుందామని వచ్చేవారికి నమస్కారం. ఈ నెల నుంచి షాపులో కొన్ని మార్పులు చేశాం. కామెంటరీలు (ఒక చట్టాన్ని సెక్షన్ల వారీగా, తీర్పులతో సహా వివరించే పుస్తకాలు), డైజెస్టులు (తీర్పుల సారాంశాల సంపుటాలు) ముందు అరల్లోకి తెచ్చాం. పక్కనే కూర్చుని చూసుకోవడానికి ఒక బల్ల వేశాం. ప్రతి కామెంటరీ లోపల, అది ఏ తేదీ వరకు ఉన్న చట్టాన్ని చెబుతోందో రాసిన చీటీ అంటిస్తున్నాం. ఇదంతా ఎందుకో మీకు చెప్పాలి.

కౌంటర్ దగ్గరికి వచ్చే జూనియర్లలో చాలామంది ఇప్పుడు ఫోన్‌లో ఒక జడ్జ్‌మెంట్ చూపించి, "ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా సార్?" అని అడుగుతున్నారు. సెక్షన్ నంబరు కొడితే వందల తీర్పులు వచ్చిపడతాయి. వాటిలో ఏది నిలబడింది, ఏది తర్వాత చెల్లకుండా పోయింది, ఏది మన క్లయింటు పరిస్థితికి సరిపోతుంది? తీర్పులు ఒక్కొక్కటే చదివి తేల్చుకోవాలంటే వాయిదా తేదీ వచ్చేస్తుంది, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. తెలియని సబ్జెక్టు అయితే ముందు కామెంటరీ తెరవండి. చట్టం మాటలు, వాటి వెనక ఉద్దేశం, ఏ పాయింట్ మీద ఏ కోర్టు ఏమంది, హైకోర్టులు ఎక్కడ విడిపోయాయి, అన్నీ ఒకేచోట దొరుకుతాయి. మనం ఒక సెక్షన్ అనుకుని వెళ్తే, దాంతో కలిపి చదవాల్సిన లిమిటేషన్ ఆర్టికల్ (కేసు వేయడానికి గడువు చెప్పే నిబంధన) కూడా అక్కడే కనబడుతుంది.

అయితే ఆ కామెంటరీ ఎప్పటిదో చూడకుండా నమ్మితే ప్రమాదం. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురి వాటానే తీసుకోండి. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచే, ఆ తేదీకి పెళ్లికాని కూతుళ్లకి కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు దేశమంతటా ఇచ్చిన కేంద్ర సవరణ అమల్లోకి వచ్చింది 2005 సెప్టెంబర్ 9న. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలని 2015లో ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జిల బెంచి దాన్ని కాదని, హక్కు పుట్టుకతోనే వస్తుందని, తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని తేల్చింది. 2018లో అచ్చయిన పుస్తకం ఎంత పేరున్నదైనా ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. అదే పుస్తకంలో 1985 నాటి రాష్ట్ర సవరణ మీద మంచి చర్చ ఉండొచ్చు, అది పాత పంపకాల కేసుల్లో ఇవాళ్టికీ అక్కరకొస్తుంది. కాబట్టి పాతదని పారేయకండి, తేదీ తెలుసుకుని వాడండి.

క్రిమినల్ వైపు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. 2024 జూలై 1 నుంచి ఐపీసీ (నేరాలు, శిక్షల చట్టం), సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు నడిచే పద్ధతి చెప్పే చట్టం), ఎవిడెన్స్ యాక్ట్ (సాక్ష్యాల చట్టం) స్థానంలో వరుసగా బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత), బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత), బీఎస్‌ఏ (భారతీయ సాక్ష్య అధినియం) వచ్చాయి. సీఆర్‌పీసీ 482 అంటే కేసు క్వాష్ చేయమని, అంటే కొట్టేయమని, హైకోర్టుకి వెళ్లే సెక్షన్. బీఎన్‌ఎస్‌ఎస్ 482 అంటే ముందస్తు బెయిల్; క్వాష్ 528కి మారింది. మరోవైపు, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి ఐపీసీయే వర్తిస్తుంది. నాంపల్లి కోర్టుల్లో ఏళ్లుగా నడుస్తున్న కేసులకి పాత కామెంటరీలు కావాల్సిందే. వాటిని వేరే అరలో ఉంచాం. కొత్త సెక్షన్‌కి పాతదేదో చూపించే పట్టికతోనే ఆగిపోకండి. రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టి చదివి, మాటలు మారని చోట మాత్రమే పాత చర్చ మీద ఆధారపడండి.

కామెంటరీ రాసినవారి అభిప్రాయం కోర్టుని కట్టిపడేయదు. రాజ్యాంగంలోని ఆర్టికల్ 141 కింద అందరూ పాటించాల్సింది సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టాన్ని. అందుకని ఫుట్‌నోట్‌లో ఉన్న తీర్పుని, హెడ్‌నోట్‌తో (తీర్పు పైన వేసే చిన్న సారాంశంతో) సరిపెట్టుకోకుండా, పూర్తిగా చదవాలి. సుప్రీంకోర్టు వెబ్‌సైట్ ఈ-ఎస్‌సీఆర్‌లో తీర్పులు, ప్రభుత్వ వెబ్‌సైట్ ఇండియా కోడ్‌లో కేంద్ర చట్టాలు ఉచితంగా చూడొచ్చు. వీటికి మా దగ్గర డబ్బు పెట్టక్కర్లేదు. ఏఐ చెప్పిన సైటేషన్ (తీర్పు పేరు, నంబరు) అయితే అసలు తీర్పు కళ్లతో చూసేదాకా పిటిషన్‌లోకి ఎక్కించకండి. 2023లో న్యూయార్క్‌లో, ఏఐ కల్పించిన, అసలు లేని తీర్పులు కోర్టుకి చూపించినందుకు లాయర్లకి 5,000 డాలర్ల జరిమానా పడింది.

ఎల్‌బీ నగర్ కోర్టు నుంచి వచ్చేవారు ఎక్కువగా అడిగేది భూమి చట్టాల గురించి. తెలంగాణలో 1971 నాటి ఆర్‌ఓఆర్ చట్టం (భూమి హక్కుల రికార్డుల చట్టం) పోయి 2020లో ధరణి చట్టం వచ్చింది. అదీ పోయి 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి అమల్లో ఉంది. పాత రెండింటి పుస్తకాలు మా దగ్గర చాలానే మిగిలాయి, ఆ నష్టం మాకు చిన్నదేం కాదు. అయినా భూభారతి మీద పెద్ద కామెంటరీ ఇప్పుడే కొనమని చెప్పలేను. హైకోర్టు తీర్పులు కొన్ని వచ్చాకే వ్యాఖ్యానానికి బలం వస్తుంది. ప్రస్తుతానికి యాక్ట్, రూల్స్ కలిసి ఉన్న చిన్న పుస్తకం చాలు.

బల్ల దగ్గర కూర్చోవడానికి రుసుము లేదు. ఒకటి రెండు పేజీలు ఫోటో తీసుకోండి, అధ్యాయాలు మొత్తం వద్దు. కక్షిదారులు ఎవరైనా వస్తే పుస్తకం చూపిస్తాం కానీ కేసు మీద సలహా ఇవ్వం. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, తక్కువ ఆదాయం ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. వారి హెల్ప్‌లైన్ 15100, ఆ నంబరు కౌంటర్ మీద అంటించి ఉంచాం.