సంతకం పెట్టే ముందు

విజయనగరం

అమ్మలూ,

హిమాచల్‌లోని బీర్ అనే ఊళ్ళో పారాగ్లైడింగ్‌కని నిర్వాహకులు నీకు పంపిన ఫారం చదివాను. వెళ్ళొద్దని అనను. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసి మిమ్మల్ని పెంచినవాణ్ణి, అందులో మాట నీకు విడమరిచి చెప్పకుండా ఉండలేను.

"మా నిర్లక్ష్యం వల్ల జరిగినా మాకు బాధ్యత లేదు" అన్న లైను చూసి కంగారుపడ్డావట, అమ్మ చెప్పింది. గాల్లో ఎగరడంలో ప్రమాదం ఉందని తెలిసే వచ్చానని ఒప్పుకోవడం వరకే ఆ సంతకానికి విలువ. పైలట్ చేయాల్సినవన్నీ చేశాక కూడా గాలి ఉన్నట్టుండి తిరగబడి నీ కాలు విరిగితే, వాళ్ళ తప్పు చూపించడం కష్టం. చివికిన పట్టీ కట్టినా, లైసెన్సు లేనివాడి చేతికి అప్పగించినా సంగతి వేరు. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. కోర్టు తలుపు మూసేసే షరతు చెల్లదని 28వ సెక్షన్. పైగా డబ్బు కట్టావు కాబట్టి నువ్వు వినియోగదారువి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నువ్వుండే ఊళ్ళోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యొచ్చు, రెండేళ్ళలోపు. రాయడానికి చెయ్యి రావట్లేదు గానీ, నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే అది క్రిమినల్ నేరం. దాన్ని ఏ సంతకమూ మాఫీ చెయ్యలేదు.

అయినా కేసులన్నీ దెబ్బ తగిలాక మాట తల్లీ. నాకు కావలసింది నువ్వు క్షేమంగా దిగడం. పైలట్‌కి హిమాచల్ పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడుగు, కార్డు చూపించమను. రిజర్వ్ పారాచూట్ ఉందేమో కనుక్కో. కొండ అంచు నుంచి పరుగు మొదలెట్టే ముందు రెండు తొడల పట్టీలూ, ఛాతీ పట్టీ నీ చేత్తో లాగి చూడు. తొడల పట్టీలు పెట్టకుండా కాళ్ళు నేల విడిస్తే మనిషి కిందికి జారిపోతుంది. మన పైడితల్లమ్మ జాతరలో సిరిమాను, ఆ పొడవాటి మాను ఎత్తే ముందు దాని కొసన పూజారి కూర్చునే చోట కట్లు ఎంత జాగ్రత్తగా చూస్తారో, మూడు లాంతర్ల కూడలి దగ్గర నా భుజమెక్కి చూసేదానివి కదా, అంత జాగ్రత్త కావాలి. వాళ్ళు తొందరపెడితే దిగి వచ్చేయ్. కట్టిన డబ్బు పోతే పోయింది.

నీ ఆఫీసు బీమా కాగితాలు కూడా ఒకసారి తిరగెయ్యి. చాలా ప్రమాద బీమాల్లో సాహస క్రీడలు మినహాయింపుల్లో ఉంటాయి.

ఫారంలో పైలట్ పేరు దగ్గర ఖాళీ వదిలేశారు. అది నింపాకే సంతకం పెట్టి, రసీదుతో కలిపి ఫొటో నాకు పంపు.

నాన్న