చారల మీద చారలు

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ నల్లకోటూ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో, తప్పు నాదే. మార్చి ఆఖరులో మా ఆఫీసు ఎలా ఉంటుందో నీకు కొత్తగా చెప్పాలా? నాన్న బీపీ అదుపులోనే ఉంది. పైవాటా వాళ్ళు ఖాళీ చేశారు, ఇంకా ఎవరూ దిగలేదు. ఎండలు మొదలైపోయాయి. ఇంటి సంగతులు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

తమ్ముడికి రేపు హైదరాబాదులో ఆఖరి ఇంటర్వ్యూ. కోటు, టైతో రమ్మన్నారు. కోటు బాబాయిది దొరికింది, ముదురు నీలం, భుజాల దగ్గర కాస్త పట్టిస్తే అతికినట్టు సరిపోయింది. చొక్కా, టై నేను కొంటానన్నాను. వాడి మొదటి పెద్ద ఉద్యోగం కదా, అన్న చేతి మీదుగా ఉండాలని నా ఆశ.

బుధవారం సాయంత్రం బీసెంట్ రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను. ఒక షాపులో నిలువు చారల చొక్కా నచ్చింది. బెంగాల్ స్ట్రైప్స్ అంటారు చూడు, నీలం గీత ఎంత వెడల్పో పక్కన తెల్ల గీతా అంతే, పావంగుళం ఉంటుంది. దాని మీదికి నీలం టై, తెల్లటి ఏటవాలు చారలతో. అవీ పావంగుళమే. రెండూ కౌంటర్ మీద పక్కపక్కన పెడితే జత కుదిరిందనే అనుకున్నాను. బిల్లు కట్టేశాను.

ఇంటికొచ్చి వాడికి వేసి చూస్తే, ఏం చెప్పనురా! చారల మీద చారలు పడి కళ్ళు జిగేల్మన్నాయి. నిలువు గీతలు ఒకవైపు, ఏటవాలు గీతలు ఇంకోవైపు, రెండూ ఒకే లావు. ఏది ముందుందో ఏది వెనకుందో తెలియడం లేదు, పైన వాడి మొహమే కనబడడం లేదు. అది చాలదన్నట్టు టై దానంతటదే మెలి తిరుగుతోంది. ఎంత సరిచేసినా కొస పక్కకే పోతోంది. మర్నాడు వెనక్కి తీసుకెళ్తే "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూపించాడు. పోయిన డబ్బు కన్నా, వాడు అద్దం ముందు ఏమీ అనకుండా నిలబడ్డాడే, అదే నన్ను కోసేసింది.

అప్పుడొచ్చింది అమ్మ. చేతిలో బీరకాయ తొక్కు తీసే చాకు అలాగే పక్కన పెట్టి, టైని సన్నటి కొస పట్టుకుని వేలాడదీసింది. అది గిర్రున తిరిగింది. "దీనికి క్రాస్ సరిగ్గా పడలేదు" అంది. జాకెట్టు క్రాస్ కటింగ్ లాంటిదేరా ఇదీ. గుడ్డని పోగు వెంబడి కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తేనే ముడి వేసినప్పుడు సాగి, విప్పాక మళ్ళీ తిన్నగా అవుతుంది. కోత కాస్త పక్కకు పోయిందంటే మెలిక తప్పదు. అమ్మ టై ముట్టుకోవడం జీవితంలో అదే మొదటిసారి!

తర్వాత నన్ను చూసి అంది: "నా మంగళగిరి పెద్ద గళ్ళ చీర మీదికి అంతే పెద్ద గళ్ళ జాకెట్టు నేను ఎప్పుడైనా వేసుకున్నానురా?" నిజమే, చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. పెద్ద గళ్ళకు సన్న గళ్ళు, లేదంటే బుటీలు. రంగు మాత్రం అంచులోంచి తీసుకుంటుంది. చొక్కా, టైల కిటుకంతా అదే. రెండింటి మీదా డిజైను ఉండొచ్చు, కొలత మాత్రం ఒకటి కాకూడదు. టై చొక్కా కన్నా ముదురుగా ఉండాలి, చొక్కాలో ఉన్న రంగు టైలో ఎక్కడో ఒకచోట పలకాలి.

శుక్రవారం అమ్మని తీసుకుని ఇంకో షాపుకి వెళ్ళాం. చొక్కా సంచిలో తెచ్చింది. సేల్స్ కుర్రాడు రెండంగుళాల సన్న టైలు పరిచాడు, ఇప్పుడు ఇవే నడుస్తున్నాయి అంటూ. బాబాయి కోటు కాలరు మడత మూడంగుళాల పైనే ఉంది, దాని పక్కన ఆ టై తాడులా ఉంటుందని నేను వద్దన్నాను. అక్కడ నా మాట నెగ్గింది! అమ్మ మెరూన్ టై ఒకటి తీసి, ట్యూబులైటు కింద కాదని గుమ్మం బయటికి పట్టుకెళ్ళి ఎండలో చొక్కా మీద పరిచింది. కుర్రాడు "పైస్లీ అమ్మా" అన్నాడు. "మామిడి పిందెలు కదా బాబూ" అంది. స్కాట్లండులో పైస్లీ అనే ఊళ్ళో కాశ్మీరు శాలువాలకు నకళ్ళు నేశారు కాబట్టి ఆ పేరు పడింది, అంతే, మనకు మాత్రం అవి చీర అంచు మీది పిందెలే. ఎడంగా, పెద్దగా ఉన్నాయి. ఒక్కో పిందె కడుపులో సన్నటి నీలం చుక్క. చొక్కా నీలమే! నేను చూడనే లేదు, అమ్మ చూపించింది.

సాయంత్రం ముడి నేనే వేశాను, ఫోర్ ఇన్ హ్యాండ్ అంటారే, ఆ సన్న ముడి. చొక్కా కాలరు ఇరుకు కాబట్టి చిన్న ముడే అందం. ముడి కింద వేలితో నొక్కి చిన్న సొట్ట పెట్టాను, కొస సరిగ్గా బెల్టు బకిల్ దగ్గర ఆగింది. ఒరేయ్, వాడు ఒక్కసారి నిటారుగా నిలబడ్డాడు. నాన్న పేపరు దించి చాలాసేపు చూశాడు. ఆయన పెళ్ళి ఫోటోలో ఉన్న టై స్టూడియో వాళ్ళదట, నాకు ఇన్నాళ్ళూ తెలియదు. ఆ రోజు ఆయన... సరే, అది రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

మడతపెడితే గీత పడుతుందని అమ్మ టైని చుట్టచుట్టి ఖాళీ స్టీలు డబ్బాలో పెట్టింది. పక్కనే పులిహోర డబ్బా, రెండూ ఒకేలా ఉన్నాయి, తమ్ముడికి ఏది ఏదో పదిసార్లు చెప్పింది. మంగళవారం ఫలితం చెబుతారట, తెలియగానే నీకు ఫోన్

ఆటో వచ్చేసింది, స్టేషన్‌కి వెళ్ళాలి. ఉంటానురా.

నీ
మూడో బొత్తాం