అనుమానం ఉంటే ఆ లెక్క కాగితం అడగండి

సంపాదకుడి గారికి,

అయ్యా,

స్థానిక ఎన్నికల ఊసు ఎత్తితే చాలు, కావలి నుంచి దర్శి దాకా టీ అంగళ్ల దగ్గర ఒకటే మాట: "పెట్టెలు మార్చేస్తారు, మనం ఓటేసి ఏం లాభం?" ఈ మాట నమ్మి ఓటుకు పోకుండా ఇంట్లో కూర్చునే వాళ్లను చూస్తే బాధగా ఉంది.

2021 నవంబరు 15నే నెల్లూరు కార్పొరేషన్‌కూ, దర్శి నగర పంచాయతీకీ పోలింగ్ జరిగింది. నెల్లూరులో 54 డివిజన్లూ అప్పటి అధికార పార్టీకే దక్కాయి. వాటిలో ఎనిమిది ఏకగ్రీవాలు. దర్శిలో మాత్రం 20 వార్డుల్లో 13 ప్రతిపక్షం గెలిచింది. రెండు చోట్లా అవే బ్యాలెట్ పత్రాలు, అదే రాష్ట్ర ఎన్నికల సంఘం. కాబట్టి ఎక్కడ అనుమానం ఉందో అక్కడే వెతకాలి. ఏకగ్రీవమైన చోట ఉపసంహరణ పత్రం మీద సంతకం ఎవరిది, దాన్ని తెచ్చి ఇచ్చింది ఎవరు అని అడగాలి. నామినేషన్ దగ్గర బెదిరింపు వేరు, పెట్టెలో ఓటు మారడం వేరు. రెండూ కలిపి మాట్లాడితే బెదిరించినవాడు హాయిగా తప్పించుకుంటాడు.

పంచాయతీలో పోలింగ్ జరిగిన రోజే, ఆ ఊళ్లోనే లెక్కింపు మొదలవుతుంది. ఆ కొద్ది గంటల్లో అభ్యర్థి తరఫున బూత్‌లో కూర్చునే ఏజెంటు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ఉదయం ఖాళీ పెట్టె చూపించి సీలు వేసేటప్పుడు కాగితం సీలు నంబరు రాసుకుని, దాని మీద సంతకం చేయాలి. పోలింగ్ ముగిశాక బ్యాలెట్ పత్రాల లెక్క అడగాలి. ఎన్ని పత్రాలు వచ్చాయి, ఎన్ని ఇచ్చారు, ఎన్ని మిగిలాయి, ఎన్ని చెడిపోయి వెనక్కి వచ్చాయి అన్నీ అందులో ఉంటాయి. పెట్టె తెరిచాక గుర్తులవారీగా విడదీయడానికి ముందే మొత్తం పత్రాలను లెక్కపెట్టి, ఆ కాగితంతో సరిచూడమనాలి. 25 చొప్పున కట్టలు కట్టేది ఆ తర్వాత. చాలామంది ఏజెంట్లు మధ్యాహ్నం భోజనానికి పోయి, కట్టలు కట్టాక వచ్చి గొడవకు దిగుతారు. అప్పటికి సరిచూసుకునే అవకాశం దాటిపోయి ఉంటుంది.

లెక్కలో ఒకటీ రెండూ తేడా వస్తే వెంటనే మోసం అనుకోవద్దు. సర్పంచి పత్రం, వార్డు సభ్యుడి పత్రం రెండూ ఇస్తే, కొందరు ఒకటి పెట్టెలో వేసి రెండోది జేబులో పెట్టుకుపోతారు. తన పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి పోయారని తేలితే అసలు ఓటరుకు ఇచ్చే టెండర్డ్ ఓటు పెట్టెలో పడదు, విడి కవరులో ఉంటుంది.

చెల్లని ఓట్ల గొడవ ఇంకోటి. మెజారిటీ ఐదు, చెల్లనివి పన్నెండు అంటే ఊరంతా భగ్గుమంటుంది. అక్కడ జరిగేది ఇది. స్టాంపు ప్యాడ్‌లో సిరా మరీ ఎక్కువ పోస్తారు. ఓటరు ముద్ర వేసి, ఆరకముందే పత్రాన్ని అడ్డంగా మడుస్తాడు. ఆ తడి ముద్ర ఎదురుగా ఉన్న ఇంకో గుర్తు మీద అంటుకుంటుంది. పత్రాన్ని ముందు నిలువుగా మడిచి, తర్వాత అడ్డంగా మడిస్తే ఈ బాధ ఉండదు. అంటుకున్న ముద్ర తిరగబడి, పలచగా ఉంటుంది. అసలు ముద్ర ఏదో స్పష్టంగా తెలుస్తుంటే మరక పడిందన్న ఒక్క కారణంతో ఆ ఓటు కొట్టేయకూడదు. ఏజెంట్లు పట్టుబట్టాల్సింది ఇక్కడ. రెండు గుర్తుల మధ్య గీత మీద పడి, ఎవరికో తేలని ముద్ర మాత్రం చెల్లదు.

కరెంటు పోయిన ఐదు నిమిషాల్లో కట్టలు మార్చారనే పుకారు ప్రతి ఎన్నికకూ పుడుతుంది. దీనికి పుకారు పుట్టించినవాళ్లను తిట్టి లాభం లేదు. బడి గదిలో చీకటి పడ్డాక లెక్కింపు సాగుతుందని తెలిసీ, బల్లకో చార్జింగ్ లైటు పెట్టకపోవడం అధికారుల తప్పే. 2021 ఏప్రిల్ 8న ఓట్లు వేసిన ఎంపీటీసీ, జడ్పీటీసీ పెట్టెలను కోర్టు కేసుల వల్ల సెప్టెంబరు 19న గానీ తెరవలేదు. పెట్టెలు ఐదు నెలలు గదిలో ఉంటే జనానికి అనుమానం రాకుండా ఎట్లా ఉంటుంది?

ఓడిన అభ్యర్థులకు ఒక మాట. రీకౌంటింగ్ కావాలంటే ఫలితం ప్రకటించకముందే, కారణాలు చూపి, రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్రకటించాక మిగిలేది ఎన్నికల ట్రిబ్యునలే. అక్కడ సీలు నంబరు, లెక్క కాగితం నకలు నిలబడతాయి గానీ వాట్సాప్‌లో తిరిగే వీడియో ఒక్కటే నిలబడదు.

ఎన్నికల సంఘానికి మా విన్నపం ఒకటే. ప్రతి బూత్ బ్యాలెట్ లెక్కను ఆ సాయంత్రమే బడి తలుపు మీద అతికించండి. మరునాడు మీ జిల్లా ఎడిషన్‌లో కనీసం మండల కేంద్రాల లెక్కలైనా అచ్చు వేయమని మిమ్మల్నీ కోరుతున్నాం.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయులు కొందరు,
కావలి, నెల్లూరు జిల్లా