జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా జరిగేవి ముందు చెప్పేస్తాను. ఆగస్టు 15, జనవరి 26 జెండా పండుగలకు పిల్లలకు మిఠాయిలు పంచాం. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవారికి నగదు బహుమతులు ఇచ్చాం. పరీక్షల ముందు సాయంత్రం క్లాసులకు ఉండిపోయే పిల్లలకు అల్పాహారం ఏర్పాటు చేశాం. మంచినీళ్ల ప్లాంటుకు ఫిల్టర్లు మార్పించాం. కాలువ గట్టు వైపు ప్రహరీ పని మాత్రం కదల్లేదు. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఈ ఏడు సంఘం గర్వంగా చెప్పుకోవలసిన పని పాత అడ్మిషన్ రిజిస్టర్లను దక్కించుకోవడం. మన బడి జిల్లా బోర్డు కాలం నాటిది. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక బోర్డు పేరు పోయింది. పదకొండో తరగతి ఎస్‌ఎస్‌ఎల్‌సీ పోయి పదో తరగతి వచ్చింది. ఊరు పట్నంలో కలిసిపోయింది. 2022లో జిల్లాల హద్దులూ మారాయి. ఇన్ని మారినా తెగకుండా సాగింది అడ్మిషన్ రిజిస్టరు ఒక్కటే. హెడ్మాస్టర్ల పేర్ల బోర్డు చూస్తే ఎవరు ఏలారో తెలుస్తుంది. ఏ పేట నుంచి పిల్లలు వచ్చారు, ఆడపిల్లలు ఎప్పటి నుంచి పెరిగారు, ఎవరు ఏ క్లాసులో చదువు ఆపేశారు అన్నది రిజిస్టరే చెప్పాలి. పైగా ఇది చరిత్రకే కాదు, బతుకుతెరువుకూ పనికొచ్చే కాగితం. 2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవారికి పాస్‌పోర్టు దగ్గర బడి టీసీ ఇప్పటికీ పుట్టిన తేదీకి రుజువుగా చెల్లుతుంది. ఆ టీసీకి మూలం ఈ రిజిస్టరే.

1986 ఆగస్టు వరద (ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద), 1996 నవంబరు 6 తుపాను రెండూ చూసిన బీరువాలో ఉండేవి ఈ రిజిస్టర్లు. పాత రిజిస్టర్ల అడుగు భాగంలో తడి ఎంత ఎత్తుకు ఎక్కిందో గోధుమరంగు గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత కింద కాగితాలు అట్టకట్టుకుపోయి ఉన్నాయి. పైన సిరా బాగానే ఉంది.

అతుక్కున్న కాగితాలను చేత్తో లాగితే పై పొర ఊడి అక్షరాలు అవతలి పేజీకి అంటుకుంటాయి. అందుకని పలచగా చెక్కిన వెదురు పుల్లను అంచు నుంచి మెల్లగా పోనిచ్చి విడదీశాం. రాని చోట వదిలేశాం. మధ్యమధ్య బ్లాటింగ్ పేపరు పెట్టి, రోజూ మార్చి, ఫ్యాను గాలికే ఆరనిచ్చాం. ఎండలో పెడదామన్నవారు చాలామంది ఉన్నారు. ఎండకు కాగితం మెలితిరుగుతుంది, సిరా వెలుస్తుంది. దుమ్ము దులపడానికి మెత్తని బ్రష్షు వాడి, కుట్టు వైపు నుంచి బయటి అంచుకు తోశాం. చిరుగులకు పలచని టిష్యూ కాగితం, ఏ రోజుకారోజు కాచిన మైదా జిగురు. బైండర్లు అలవాటుగా కలిపే మైలుతుత్తం కలపనివ్వలేదు. దాంతో పురుగు రాకపోవచ్చు గానీ, అందులోని రాగి ఏళ్ల తరబడి కాగితాన్ని నల్లబరిచి పెళుసు చేస్తుంది. ఫౌంటెన్ పెన్ను నీలం సిరాకు తడి తగిలితే పాకిపోతుంది కాబట్టి జిగురు మార్జిన్ దాటకుండా చూశాం. వెనకటి రోజుల్లో ఎవరో మంచి మనసుతోనే అంటించిన సెల్లోటేపులు మాత్రం పెద్ద తలనొప్పి అయ్యాయి. టేపు ఊడిపోయినా దాని పసుపు జిగురు కాగితంలోకి ఇంకి ఉండిపోతుంది. దయచేసి ఇంట్లో పాత సర్టిఫికెట్లకు టేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి.

ఫొటోలు తీయడానికి స్టాండుకు బిగించిన కెమెరా, రెండు వైపులా ఏటవాలుగా ఎల్‌ఈడీ లైట్లు పెట్టి, ఫ్లాష్ ఆపేశాం. అట్ట నుంచి ఖాళీ పేజీల దాకా వరసగా తీయించాం. ఖాళీ పేజీ వదిలేస్తే తర్వాత చూసేవారికి అక్కడ కాగితం పోయిందో, రాయనే లేదో తెలియదు. ఒక కాపీ బడి కంప్యూటర్లో, ఒకటి సంఘం హార్డ్ డిస్కులో, మూడోది హైదరాబాదులో ఉన్న సభ్యుడి దగ్గర ఉన్నాయి.

అసలు కష్టం పేర్ల పట్టిక తయారీలో వచ్చింది. పాత రిజిస్టర్లలో తరగతులు ఫారాల లెక్కలో ఉన్నాయి. ఫస్ట్ ఫారం అంటే ఆరో తరగతి, ఫోర్త్ ఫారం అంటే తొమ్మిది, సిక్స్త్ ఫారం అంటే ఎస్‌ఎస్‌ఎల్‌సీ. ఇది తెలియని కుర్రాళ్లు ఫోర్త్ ఫారాన్ని నాలుగో తరగతిగా ఎక్కించేస్తే బ్యాచ్ మొత్తం ఐదేళ్లు జరిగిపోతుంది. ఒకే ఇంటిపేరు అన్నదమ్ములిద్దరికి రెండు రకాల ఇంగ్లీషు స్పెల్లింగులతో ఉంటుంది. జూన్ 1, జూలై 1 పుట్టినరోజులు కుప్పలుగా ఉన్నాయి. అవి బడిలో చేర్చుకునేటప్పుడు వయసు సరిపెట్టి రాసినవి కాబట్టి, ఇద్దరు ఒకే మనిషా కాదా అని తేల్చడానికి పుట్టిన తేదీని నమ్మలేం. తండ్రి పేరు, ఊరు చూడాలి. ఆడపిల్లలకు పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది. అందుకే మన సభ్యత్వ జాబితాలో ఆడవాళ్లు తక్కువ. ఇకనుంచి సభ్యత్వ ఫారంలో పుట్టింటి ఇంటిపేరుకు వేరే గడి పెట్టాం.

ముక్కనుమ నాటి సమ్మేళనంలో ఈ పేజీల ప్రింట్లను ఏడాదివారీగా బల్లల మీద పరిచాం. కులం, పుట్టిన తేదీ గడులు కనబడకుండా తెల్ల పట్టీ అంటించే పెట్టాం. పేజీలను ఫోన్లో తీసి గ్రూపుల్లో పెట్టవద్దని మైకులో చెప్పించాం. భోజనాల వేళకు కూడా జనం ఆ బల్లల దగ్గర నుంచి కదల్లేదు. ఎనభై దాటిన ఒక పెద్దావిడ థర్డ్ ఫారం వరసలో తన పేరు చూసుకున్నారు. పక్క బల్ల మీద పేర్లు లేని గ్రూప్ ఫొటోలో ముందు వరస అంతా వేలు పెట్టి ఒక్కొక్కరినీ ఇంటిపేర్లతో సహా చెప్పారు. మన టీచర్లు రాసుకున్నారు. ఆ ఒక్క పూటలో వచ్చినంత సమాచారం గ్రూపులో ఎంత అడిగినా రాలేదు.

ఫొటోలు ఇచ్చేవారికి మనవి. ఫ్రేము అద్దానికి ఫొటో అతుక్కుపోయి ఉంటే ఊడదీయకండి, అద్దంతోనే తెండి, అద్దం పైనుంచే కెమెరాతో తీసుకుంటాం. వెనక బాల్ పెన్నుతో పేర్లు రాస్తే ముందుకు అచ్చు పడుతుంది, వేరే కాగితం మీద రాయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక జత చేశాం. ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు (80జీ) కావలసినవారు 2,000 రూపాయలు దాటిన విరాళం నగదుగా ఇవ్వవద్దు, పాన్ నంబరు తప్పక రాయాలి.

ఇక ప్రహరీ. రేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. దానికి తోడు కాలువ ఊట. గోడ నడుమ విరిగింది అందుకే. పైన సిమెంటు పూస్తే ఆగదు. కింద బీము వేసి, నీళ్లు పోవడానికి రంధ్రాలు వదిలి కట్టాలి. ఇదంతా అంచనాతో సహా రాసి ఇచ్చాం. జిల్లాలు విడిపోయాక ఒక కార్యాలయం ఇంకొకటి చూసుకోవాలంటోంది, ఫైలు ఎక్కడుందో చెప్పే నాథుడు లేడు. ఆ గట్టు పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు.

మరో బాధ కూడా చెప్పాలి. రిజిస్టర్ల పనికి మనుషులు కావాలని గ్రూపులో పెడితే బొటనవేళ్లూ దండాలూ వెల్లువెత్తాయి. ఆదివారం బడికి వచ్చినవారు మాత్రం ఎప్పుడూ ఆ నలుగురే. విరాళం పంపి ఊరుకుంటే ఈ పని నడవదు. వెదురు పుల్ల పట్టుకునే చెయ్యి కావాలి.

బీరువా తాళాలు నమ్మి ఇచ్చిన ప్రధానోపాధ్యాయులకు, పేర్లు సరిచూసిన తెలుగు పండితులకు, కూలి తీసుకోని బైండరుకు, వేదికకు పూలకుండీలు పంపిన కడియం నర్సరీ రైతులకు, ఆత్రేయపురం పూతరేకులు తెచ్చిన సభ్యులకు, షామియానా, మైకు వారికి, సెలవుల్లోనూ వచ్చి పేజీలు తిప్పిన తొమ్మిదో తరగతి పిల్లలకు కృతజ్ఞతలు.

వచ్చే ఏడు టీసీ కౌంటర్‌ఫాయిళ్లు, హెడ్మాస్టర్ల లాగ్ బుక్కులు చేయాలి. వానలు మొదలవకముందే తడి కాగితాల పని పూర్తవ్వాలి. కార్యవర్గం గడువు కూడా ముగుస్తోంది. బాధ్యత తీసుకోగలవారు సమావేశం మొదలయ్యేలోపు పేరు రాసి ఇవ్వండి. అందులో కనీసం ఇద్దరు ఊళ్లోనే ఉండేవారు కావాలి.

కార్యదర్శి