బుంగ వేరు, గండి వేరు

సంపాదకుల వారికి,

నమస్కారం. వానలు మొదలయ్యాయంటే పత్రికల జిల్లా పేజీల్లో రెండు మాటలు తరచూ కనిపిస్తాయి: బుంగ, గండి. రెండూ కట్టలో నీటికి దొరికిన దారులే కావడంతో రాసేవారు ఒకదాని బదులు మరొకటి వాడేస్తున్నారు. శీర్షికలో 'చెరువుకు గండి' అని ఉంటుంది, వార్త చదివితే తూము (చెరువు నీటిని పొలాలకు వదిలే దారి) పక్కన బుంగ పడిందని తేలుతుంది. మరోసారి కట్ట కొట్టుకుపోయి పొలాలన్నీ ఇసుక మేటలు వేసినా 'భారీ బుంగ' అనే రాస్తారు. చెరువు కింద సేద్యం చేసే మాలాంటివాళ్లం ఈ మాటలను బట్టే బస్తాలు, పారలు పట్టుకుని కట్ట మీదికి పరుగెత్తాలో, పిల్లాపాపలతో మెరకకు చేరాలో తేల్చుకుంటాం.

బుంగ కట్ట లోపల పడుతుంది. పైన కట్ట చెక్కుచెదరదు, దాని మీద బండ్లు నడుస్తూనే ఉంటాయి. ఎలుకలో ఎండ్రకాయలో తొలిచిన బొరియ, ఎప్పుడో నరికేసిన చెట్టు వేరు కుళ్లి మిగిల్చిన సందు, తూము కట్టుబడికీ మట్టికీ మధ్య సరిగా దిమ్మిస కొట్టని చోటు, ఇలాంటిదేదో చూసుకుని నీరు దూరుతుంది. లోపలి మట్టిని కొంచెం కొంచెంగా మోసుకొస్తూ బయటి వాలు అడుగున తేలుతుంది. గండి అంటే కట్ట పైనుంచి అడుగుదాకా తెగిపోవడం. పెన్నా ఎర్రమల కొండలను నిలువునా కోసుకుని పారే చోట వెలసిన కోటకు గండికోట అనే పేరు ఎందుకొచ్చిందో ఆ లోయ అంచున నిలబడి చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

కట్టకు బయట అడుగు భాగంలో నీరు చెమర్చడం కొత్తేమీ కాదు. మట్టికట్ట అన్నాక కొంత ఊట ఉంటుంది. ఆ ఊట తేటగా ఉన్నంతవరకు గమనిస్తూ ఉంటే చాలు. నీరు బుడబుడమని ఉబుకుతూ, చుట్టూ సన్నని ఇసుక గుండ్రంగా పేరుకుంటోందంటే మాత్రం లోపల దారి పెద్దదవుతోందని అర్థం. ఒక గాజు గ్లాసులో ఆ నీళ్లు పట్టి కాసేపు కదపకుండా ఉంచితే అడుగున మట్టి పేరుకుంటుందో లేదో ఎవరికైనా తెలుస్తుంది. చెరువు లోపలి వైపు నీటి మీద చిన్న సుడి కనిపిస్తే బుంగ నోరు అక్కడే ఉన్నట్టు.

ఇక్కడే చాలా ఊళ్లలో జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. ఉబికే చోట బంకమట్టి కుక్కి బిగించేస్తారు. నీటి ఒత్తిడి తగ్గదు కాబట్టి అది పక్కన మరో దారి వెతుక్కుంటుంది. నీరు పోవాలి, మట్టి ఆగాలి. అందుకు ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన పెద్ద కంకర పరుస్తారు. చుట్టూ ఇసుక బస్తాలతో గట్టు కట్టి లోపల నీటిమట్టం పెరగనిస్తే ఉబికే జోరు తగ్గుతుంది. సుడి కనిపించిన చోట లోపలి వైపు బస్తాలు దించుతారు. వీలైతే తూము ఎత్తి చెరువు మట్టం తగ్గిస్తారు. ఇదంతా బుంగగా ఉన్నప్పుడే, పదిమంది మనుషులు చేయగలిగిన పని. గండి పడ్డాక ముందు దిగువన ఉన్న జనాన్ని ఖాళీ చేయించాలి. ఆ తర్వాతే తెగిన అంచులు ఇంకా కోసుకుపోకుండా సరుగుడు బాదులు, బండరాళ్లు, యంత్రాలు.

ఈ రెండింటి మధ్య ఎంత వ్యవధి ఉంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో 1976 జూన్ 5న టెటాన్ డ్యాం వద్ద ఉదయం బురదనీటి ఊట కనిపించింది. మధ్యాహ్నం పన్నెండు కాకముందే కట్ట కూలింది, 11 మంది చనిపోయారు. మనకు దగ్గరగా 2023 నవంబరులో అన్నారం బ్యారేజీ దిగువన నీరు ఉబుకుతున్నప్పుడు అది ఊటా, బుంగా అని రోజుల తరబడి వాదన నడిచింది. నీటితో పాటు ఇసుక వస్తోందా లేదా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఆ వార్తలు నడిచి ఉంటే చదివేవారికి ఎంతో మేలు జరిగేది.

ప్రతి గండికీ ముందు బుంగ ఉంటుందని నేను అనడం లేదు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట మీదుగా వరద పొర్లి కట్ట కొట్టుకుపోయింది, చెయ్యేరు ఒడ్డున ఊళ్లు నాశనమయ్యాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు కట్టకు మూడు చోట్ల గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. వాటిని పూడ్చడానికి సైన్యం కూడా రావలసి వచ్చింది. గండి అనే మాట బరువు అంతటిది. ఆ బరువున్న మాటను 'ఆదాయానికి గండి', 'ఓట్లకు గండి' అంటూ రోజూ వాడుతుంటే, నిజంగా కట్ట తెగిన రోజున అదే శీర్షిక చూసి ఎవరు ఉలిక్కిపడతారు?

నిరుడు మా చెరువుకు తూము దగ్గర బుంగ పడింది. ఒక పత్రిక గండి అని రాసింది. దిగువ పల్లెలో ముసలివాళ్లను కూడా రాత్రికి రాత్రే ట్రాక్టర్లలో తరలించారు. అదే సంగతి ఫోనులో విన్న అధికారి ఒకరు 'కాస్త లీకేజీ' అని ఊరుకున్నారు. ఆయకట్టు రైతులమే తెల్లవార్లూ కట్ట మీద ఉండి బస్తాలు వేశాం. ఒకరు పెంచి చెప్పారు, ఒకరు తగ్గించి చెప్పారు. రెండు వైపులా నష్టపోయింది చెరువు కిందివాళ్లమే.

అందుకే మీకు ఒక మనవి. కట్ట గురించి వార్త వచ్చినప్పుడు విలేకరులు నాలుగు సంగతులు అడిగి రాయాలి: కట్ట పైభాగం నిలిచి ఉందా, తెగిందా, వచ్చే నీరు తేటగా ఉందా, మట్టితో ఉందా, చోటు తూము దగ్గరా, అలుగు (నిండిన చెరువులో మిగులు నీరు పొర్లే చోటు) దగ్గరా, నడిమధ్యనా, చెరువులో ఇప్పుడు ఎంత నీరుంది. వాటితో పాటు ఆ ప్రాంతపు నీటిపారుదల సహాయ ఇంజనీరు కార్యాలయం ఫోను నంబరు కూడా వేయండి. జలవనరుల శాఖ కూడా తన ప్రకటనల్లో 'లీకేజీ' అని సరిపెట్టకుండా బుంగను బుంగ అనే చెప్పాలి. చాలా చెరువులకు ఈనాడు నీరు పంచే నీరటి లేడు, చాలా కాలువల మీద కాపలా కాసే లస్కరు కనిపించడు. కట్టను కనిపెట్టుకుని ఉండేది మేమూ, మీ పత్రికా.

ఇట్లు,
ఒక చెరువు ఆయకట్టు రైతు