పాతది ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

ఛాతీ, గుండె చిత్రాలు చదివే రేడియాలజిస్టుల జాతీయ సంఘం సదస్సు గురించి ఆదివారం మీరు వేసిన వార్త చదివాను. ముందుగా ఒక తప్పు చెప్పాలి. వార్త పక్కన ముద్రించిన ఛాతీ ఎక్స్-రే తిరగబడింది. ఎక్స్-రేను మనిషి మనకు ఎదురుగా నిలబడినట్టు పెట్టి చూస్తారు. అందుకని గుండె కొన చూసేవారి కుడివైపుకు ఉండాలి. మీ బొమ్మలో ఎడమవైపుకు ఉంది. పుట్టుకతోనే గుండె కుడివైపున ఉండే మనుషులు లేకపోలేదు. కానీ ఎడమ పక్కను తెలపడానికి ఫిల్ము మూలన వేసే ‘ఎల్’ అక్షరం కూడా అద్దంలో చూసినట్టు తిరగబడింది కాబట్టి, తేడా ఆ మనిషిలో లేదు, మీ పేజీలోనే ఉంది. ముప్పయ్యారేళ్లు ఎక్స్-రే గదిలో పనిచేసిన వాణ్ణి. ఇలాంటివి చూసి ఊరుకోవడం చేతకాదు, మన్నించండి.

ఉత్తరం రాస్తున్నది మాత్రం దాని గురించి కాదు. మీ వార్తలో కొత్త యంత్రాలున్నాయి, కొట్టుకుంటున్న గుండెను కదలిక లేకుండా పట్టే సీటీ స్కాన్ ఉంది, ఊపిరితిత్తిలో మచ్చను కనిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. అన్నీ నిజమే, అన్నీ గొప్పవే. కానీ ఛాతీ ఫిల్ము చదవడంలో ఆరితేరిన మనిషి మొట్టమొదట అడిగే ప్రశ్న ఒక్కచోటా లేదు. ఆ ప్రశ్న రెండే మాటలు: పాతది ఏదీ?

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా పెద్ద డాక్టరుగారు వ్యూ బాక్సు (వెనకనుంచి దీపం వెలిగే పెట్టె) మీద కొత్త ఫిల్ము పెట్టగానే, దాన్ని చూస్తూనే కుడిచెయ్యి వెనక్కి చాచేవారు. ఆ చేతిలో పాత ఫిల్ము పెట్టడం నా పని. లేదంటే ఆ చెయ్యి కాసేపు గాలిలో అలాగే ఉండేది. ఆయన తిట్టేవారు కాదు, ఆ చెయ్యే తిట్టేది. అందుకే రోగి వరండాలో కూర్చుని ఉండగానే వెళ్లి కవరు అడిగేవాణ్ణి, లేకపోతే రికార్డు గదిలో దుమ్ములో వెతికేవాణ్ణి. డార్క్‌రూమ్‌లో డెవలపర్, ఫిక్సర్ తొట్ల మధ్య గడిపిన సమయం కంటే ఆ వెతుకులాటలో గడిపిందే ఎక్కువేమో అనిపిస్తుంది.

పాత ఫిల్ము ఎందుకంత ముఖ్యమో నాకు మొదట అర్థం కాలేదు. ఒకసారి అడిగితే ఆయన రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టారు. రెండింట్లోనూ కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లటి మచ్చ ఉంది. కొత్తదాన్ని ఒక్కదాన్నే చూస్తే భయం పుడుతుంది. నాలుగేళ్ల నాటి దాంట్లోనూ అదే మచ్చ, అంతే పరిమాణంలో, అదే చోట ఉంది. ఎప్పుడో మానిన గాయం తాలూకు గుర్తు అది. మరో రోజు దీనికి సరిగ్గా ఎదురైన సంగతి చూపించారు. కొత్త ఫిల్ములో ఎవరికీ కనబడనంత పలుచటి నీడ ఒకటి ఉంది. పాతదాంట్లో అది లేదు. లేదు కాబట్టే అది ఆయన కంటపడింది.

ఈ విద్యలో సంఘాలు చెప్పిన నియమాల్లోనూ ఇదే కనిపిస్తుంది. వియన్నా నుంచి బోస్టన్ వెళ్లి స్థిరపడిన ఫెలిక్స్ ఫ్లైష్నర్ పేరు మీద 1969లో కొందరు ఛాతీ రేడియాలజిస్టులు ఒక సంఘం పెట్టుకున్నారు. అమెరికాలో ఛాతీ రేడియాలజీ సొసైటీ 1982లో వచ్చింది. ఊపిరితిత్తిలో అనుకోకుండా బయటపడే చిన్న గడ్డల్ని, అదే రిపోర్టుల్లో నాడ్యూల్ అని రాసేదాన్ని, ఏం చేయాలో ఫ్లైష్నర్ సంఘం 2005లో చెప్పింది, 2017లో సవరించి మళ్లీ చెప్పింది. క్యాన్సర్ ముప్పు తక్కువ ఉన్న మనిషిలో 6 మిల్లీమీటర్ల లోపు గట్టి గడ్డకు మామూలుగా మళ్లీ స్కాన్ అక్కర్లేదు. అంతకంటే పెద్దదైతే ఇన్ని నెలలకు ఒకసారి చూడాలి. ఆ పెద్దది మంచు పొరలా మసకగా ఉంటే ఐదేళ్ల దాకా గమనించాలి. ఆ పట్టిక మొత్తం చదివితే అందులో గడ్డ ఎంతుందో ఎంత ముఖ్యమో, ఎన్నాళ్లుగా ఉందో అంతే ముఖ్యమని తెలుస్తుంది. 8 మిల్లీమీటర్ల గడ్డ 10 అయితే చూసేవారికి రెండంటే రెండు మిల్లీమీటర్ల తేడా. ఘనపరిమాణంలో మాత్రం అది దాదాపు రెట్టింపయినట్టు. ఆ 8 అన్న అంకె ఎక్కడా దొరకకపోతే ఈ 10 అన్న అంకెతో చెప్పగలిగేది చాలా తక్కువ.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా బావకు రెండు నెలలు విడవకుండా దగ్గు. డాక్టరు ఛాతీ సీటీ తీయించారు. కుడి ఊపిరితిత్తి అడుగున 11 మిల్లీమీటర్ల గడ్డ ఉందని రిపోర్టు వచ్చింది. చివరి వరుసలో ‘పోల్చడానికి పాత చిత్రాలు అందుబాటులో లేవు’ అని ఉంది. సూదితో ముక్క తీసి పరీక్షించాలని రోజు కూడా ఖాయం చేశారు. ఊపిరితిత్తిలోకి సూది పంపితే కొందరికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఊపిరి కష్టమవుతుందని నాకు తెలుసు. అలాంటివారిని చక్రాల కుర్చీలో మళ్లీ ఎక్స్-రేకు తీసుకొచ్చినప్పుడు నిలబెట్టి ఫిల్ము తీసిన వాణ్ణి నేనే. అక్కకు ఆ మాట చెప్పలేదు.

మూడేళ్ల క్రితం బావ వేరే చోట ఛాతీ ఎక్స్-రే తీయించుకున్నాడు. అప్పుడు ఫిల్ము ఇవ్వలేదు, ఫోనుకు ఒక లింకు పంపారు. ఆ లింకు ఎప్పుడో గడువు తీరి చచ్చిపోయింది. అక్కడికి ఫోను చేస్తే అంత పాతవి తమ దగ్గర ఉండవన్నారు. మూడేళ్లు వాళ్ల లెక్కలో అంత పాత!

సూది పరీక్షకు నాలుగు రోజుల ముందు, ఛాతీ చిత్రాలు మాత్రమే చదివే ఒక రేడియాలజిస్టు దగ్గరకు సీటీ తీసుకువెళ్లాను. ఆవిడ ఐదు నిమిషాలు చూసి, బావను ఒకటే అడిగారు: ‘మీకెప్పుడైనా కడుపు స్కాన్ తీశారా?’ నేనక్కడే నిలబడి ఉన్నాను, సిగ్గుతో తల దించుకున్నాను. ముప్పయ్యారేళ్ల పనివాణ్ణి, నాకు తట్టలేదు. కడుపు సీటీ నాభి దగ్గర మొదలవదు. కాలేయం పైఅంచు తప్పిపోకూడదని ఉదరవితానం (ఛాతీని, కడుపును వేరుచేసే కండర పొర) కన్నా కాస్త పైనుంచే మొదలుపెడతాం. అంటే మొదటి కొన్ని చిత్రాల్లో ఊపిరితిత్తి అడుగుభాగం దొరుకుతుంది. బావ గడ్డ ఉన్నది సరిగ్గా అక్కడే.

ఎనిమిదేళ్ల క్రితం మూత్రపిండంలో రాయికి బావ కడుపు సీటీ తీయించుకున్నాడు. ఆ ఫిల్ములు ఏమయ్యాయని అడిగితే అక్క బీరువా తెరిచింది. చెమ్మ తగలకుండా అడుగు అరలో బట్టల కింద పరిచి ఉన్నాయి. నాలుగు ఫిల్ములు. ఒకదాని అంచు కత్తిరించి అరకు సరిపెట్టింది. మొదటి ఫిల్ములో రెండో వరుస, మూడో చిత్రం. తెల్లటి చుక్క. ఫిల్ము పక్కన ఉండే సెంటీమీటర్ల గీతతో ఆవిడ కొలిచారు, నేనూ కొలిచాను. ఎనిమిదేళ్లలో అది ఎదగలేదు. సూది మానేశారు. దగ్గుకు కారణం రక్తపోటుకు వేసుకుంటున్న మాత్ర అని తర్వాత తేలింది. మాత్ర మార్చిన కొన్ని వారాలకు దగ్గు పోయింది.

ఇందులో నన్ను ఇప్పటికీ గుచ్చుతున్నది గడ్డ కాదు, రిపోర్టులోని ఆ చివరి వాక్యం. ‘అందుబాటులో లేవు’ అని రాశారు. నిజానికి బావను ఎవరూ అడగలేదు. పేరు అడిగారు, వయసు అడిగారు, ఫోను నంబరు రెండుసార్లు అడిగారు. పాత స్కాన్ ఉందా అని అడగలేదు. అడిగితే లేదనడం వేరు, అడగకుండా లేదని రాయడం వేరు. జాతీయ సంఘం తన సభ్యులకు ఒక్క నియమం పెట్టినా చాలు: రిపోర్టులో మొదటి వాక్యం పోలిక గురించే ఉండాలి. ఫలానా తేదీ చిత్రంతో పోల్చాం అనో, అడిగాం, లేవన్నారు అనో, అడగలేదు అనో. ఆ మూడోది రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు. అందుకైనా అడుగుతారు.

ఛాతీకీ గుండెకీ కలిపి ఒకే సంఘం ఎందుకని మీ వార్త చదివినవారికి సందేహం వచ్చి ఉంటుంది. ఉన్నది ఒకే గూట్లో, పడేది ఒకే చిత్రంలో. గుండె రక్తనాళాల్లో సున్నం ఎంత పేరుకుందో సీటీతో లెక్కగట్టే పద్ధతి 1990లో వచ్చింది, అగాట్‌స్టన్ స్కోరు అంటారు. ఆ స్కాన్ గుండె కోసం తీసినా, పక్కనున్న ఊపిరితిత్తి కొంత అందులో పడుతుంది. ఊపిరితిత్తి కోసం తీసిన సీటీలో గుండె నాళాల సున్నం కనబడుతుంది. కాబట్టి ‘పాతది’ అంటే అదే అవయవానికి తీసిన పాతదే కానక్కర్లేదు. మా బావ సంగతిలో అది మూత్రపిండంలో రాయి కోసం తీసింది. ఇది రోగికి తెలిసే అవకాశం లేదు, అడిగేవారికే తెలియాలి.

మా టెక్నీషియన్ల తప్పు కూడా దాచను. పోలిక నిలబడాలంటే రెండు ఫిల్ములూ ఒకే తీరున తీసి ఉండాలి. ఛాతీ ఫిల్ముకు మనిషిని ఆరడుగుల దూరంలో, రొమ్ము కాసెట్‌కు (ఫిల్ము ఉండే పలకకు) ఆనించి, భుజాలు ముందుకు తిప్పి నిలబెట్టి, నిండా ఊపిరి పీల్చి బిగబట్టమంటాం. సగం ఊపిరితో తీస్తే గుండె పెద్దదిగా, ఊపిరితిత్తుల అడుగుభాగం మసకగా వస్తుంది. మంచం మీద ముందునుంచి తీసినదాంట్లో గుండె ఇంకా పెద్దదిగా కనబడుతుంది. నిన్న నిలబెట్టి తీసినదాని పక్కన ఇవాళ మంచం మీద తీసింది పెడితే, ఒక్క రాత్రిలో గుండె వాచిందని కంగారు పడాల్సి వస్తుంది. వరుసలో నలభై మంది ఉన్నప్పుడు నేనూ ‘పీల్చండి’ అన్న మరుక్షణం మీట నొక్కిన రోజులున్నాయి. ఆ సదస్సుల్లో మా పనివాళ్లను కూడా కూర్చోబెట్టి ఇది చెబితే బాగుంటుంది. నా ఉద్యోగకాలంలో నన్ను అలాంటి చోటికి ఒక్కసారీ పిలవలేదు.

ఫిల్ములు పోయి కంప్యూటర్లు వచ్చాక పాతది దొరకడం సులువవుతుందని అనుకున్నాను. ఒకే చోట తీయించుకుంటే నిజమే, క్షణంలో పక్కపక్కన వస్తాయి. చోటు మారితే మాత్రం బీరువా అడుగున పరిచిన ఫిల్మే నయం. చాలామంది రిపోర్టు కాగితం దాచుకుంటారు, చిత్రం పారేస్తారు. కాగితంతో దేన్నీ పోల్చలేం. కొందరు ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి ఫోనుతో ఫోటో తీసి, ఫిల్ము పారేస్తారు. సీటీ యంత్రం నలుపు నుంచి తెలుపు దాకా వేల మెట్లలో లెక్క పెడుతుంది, ఫోటోలో మిగిలేవి 256. డైకామ్ అని పిలిచే అసలు ఫైలు డిస్కులోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తీసుకోవచ్చని ఎంతమందికి తెలుసు? పాత ఫిల్ముల్లో ఉండే కాస్త వెండి కోసం వాటిని తూకానికి కొనుక్కుపోయేవారికి మాత్రం వాటి విలువ బాగా తెలుసు. పాతది దొరక్కపోతే మళ్లీ కొన్ని నెలలకు ఇంకో సీటీ. ఛాతీ ఎక్స్-రేకు ఒంటికి తగిలే రేడియేషన్ సుమారు 0.1 మిల్లీసీవర్ట్ అయితే, మామూలు ఛాతీ సీటీకి దానికి ఎన్నో రెట్లు.

సంఘం పెద్దలు మీ పత్రికకు మళ్లీ ఏదైనా ప్రకటన పంపితే, దయచేసి మీ విలేకరిని ఒక్క ప్రశ్న అడగమనండి: మీ సభ్యులు పనిచేసే చోట్ల, పేరు రాసుకునే బల్ల దగ్గర పాత చిత్రాల గురించి అడుగుతున్నారా? జవాబు ఏదైనా యథాతథంగా వేయండి. పక్కన ఎక్స్-రే బొమ్మ వేసేటట్టయితే ‘ఎల్’ అక్షరం సరిగ్గా చదవడానికి వస్తోందో లేదో చూసుకోండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎక్స్-రే టెక్నీషియన్